ఇంట్లోనే వీగన్ ఎంపనాడాలు: వెన్న, గుడ్డు లేకుండా గుల్లగా, పగలకుండా

ఎంపనాడాను చూడగానే మనకు గుర్తొచ్చేది కజ్జికాయ. అదే అర్ధచంద్రం ఆకారం, అంచున అదే మెలిక. కజ్జికాయలో పెట్టేది పొడి కొబ్బరిలౌజో, నువ్వులపొడో. ఎంపనాడాలో పెట్టేది ఉల్లిపాయతో మగ్గిన తడి కూర. కజ్జికాయ చేయడం వచ్చినవాళ్ళకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ప్రధానంగా ఈ తడిని అదుపులో పెట్టడమే.

ఈ వంటకం స్పెయిన్ నుంచి లాటిన్ అమెరికా అంతటా వ్యాపించింది. అర్జెంటీనా, చిలీ దేశాల్లో గోధుమపిండితో చేసి ఎక్కువగా ఓవెన్‌లో కాలుస్తారు. కొలంబియా, వెనిజులాల్లో మొక్కజొన్న పిండితో చేసి నూనెలో వేయిస్తారు. అర్జెంటీనాలో పైపిండికి పశువుల కొవ్వు, లోపల గొడ్డుమాంసం, ఉడికించిన గుడ్డు ముక్క, మీద గుడ్డుసొన పూత మామూలు. వీటిని ఊరికే తీసేసి మిగతాదంతా అలాగే చేస్తే వచ్చేది తెల్లగా, గట్టిగా ఉండే పూరీలో చుట్టిన కూర. ఒక్కొక్కటీ అక్కడ ఏదో ఒక పని చేస్తోంది. కొవ్వు మైదాలోని జిగురు సాగకుండా తెంపి పైపొరను గుల్లగా చేస్తుంది. గుడ్డుసొన రంగు, మెరుపు ఇస్తుంది. మాంసం నమిలే గుణం ఇస్తుంది. మాంసం నుంచి దిగిన రసం చల్లారాక గడ్డకడుతుంది కాబట్టి చుట్టేటప్పుడు కారదు. ఈ నాలుగు పనులనూ వేరే సరుకులకు అప్పగిస్తే వీగన్ ఎంపనాడా, అంటే జంతువుల నుంచి వచ్చే సరుకేదీ లేనిది, దేనికీ తీసిపోదు.

మన దగ్గర అందుకు కావాల్సిన సరుకులకు లోటు లేదు. ఉద్దానం కొబ్బరి, పనస, పలాస జీడిపప్పు, విజయనగరం వైపు విరివిగా పండే మొక్కజొన్న, దాదాపు ప్రతి పెరట్లో కుండీలో పెరిగే వామాకు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బయట వెతకాల్సింది ఒక్క ఆలివ్ కాయలే. అవి దొరక్కపోయినా ఫర్వాలేదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

పొట్లం మీద పచ్చచుక్క ఉంటే శాకాహారం అని మాత్రమే అర్థం. పాలు, వెన్న, తేనె ఉన్నా ఆ చుక్క పడుతుంది. వీగన్ పదార్థాలకు 2022 నియమాల ప్రకారం ప్రత్యేకమైన ఆకుపచ్చ గుర్తు వచ్చింది. అది లేనప్పుడు వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న సరుకుల పట్టిక చదవాలి. మార్జరీన్ నూనెతోనే చేసినా చాలా రకాల్లో పాల పొడి కలుస్తుంది. బేకరీల నుంచి తెచ్చుకునే పఫ్ షీట్ల విషయంలోనూ ఇదే అనుమానం పెట్టుకోవాలి. వనస్పతి పూర్తిగా నూనెల నుంచే వస్తుంది కాబట్టి వీగనే, పిండీ బాగా గుల్లబారుతుంది. కానీ కొబ్బరినూనె చేతికి అందే చోట దాని అవసరం లేదు.

కొబ్బరినూనె కొనేటప్పుడు వంటకు పనికొచ్చేదని రాసి ఉందో లేదో చూసుకోండి. తలకు రాసుకునే నూనెల్లో కొన్నిట్లో సువాసనలు కలుపుతారు. గానుగ నూనె మంచిదే కానీ దాని వాసన జీలకర్ర, మిరియాలను మింగేస్తుంది. కింద చెప్పబోయే కూరల్లో మొక్కజొన్న కూరకు ఆ వాసన కలిసొస్తుంది, మీల్ మేకర్ కూరకు అడ్డొస్తుంది. వాసన లేని రిఫైన్డ్ కొబ్బరినూనె దేనికైనా సరిపోతుంది.

జీడిపప్పు గుండ్లు అక్కర్లేదు, రుబ్బేయడానికే కాబట్టి ముక్క చాలు. పలాసలో ముక్కకూ గుండుకూ ధరలో చాలా తేడా ఉంటుంది.

పైపిండి

16 ఎంపనాడాలకు మైదా 400 గ్రాములు, కొబ్బరినూనె 100 గ్రాములు, నీళ్ళు 160 మిల్లీలీటర్లు, ఉప్పు 8 గ్రాములు అంటే ఒకటిన్నర చెంచా, నిమ్మరసం ఒక చెంచా. కొలత గ్లాసులతో కాకుండా కాటాతో తూయడం మేలు. మైదాను గ్లాసులో కుదించి పోస్తే ఒక లెక్క, వదులుగా పోస్తే ఇంకో లెక్క వస్తుంది. ఈ పిండిలో 30 గ్రాముల తేడా కూడా చేతికి తెలుస్తుంది.

అర్జెంటీనాలో కొవ్వును కరిగించి, ఉప్పు కలిపిన వేడినీళ్ళతో పాటు పిండిలో పోస్తారు. మన వాతావరణానికి ఈ పద్ధతే సరిగ్గా సరిపోతుంది. కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి, చల్లని వెన్నను ముక్కలుగా పిండిలో కలిపే పద్ధతులు ఇక్కడ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తప్ప కుదరవు.

నీళ్ళలో ఉప్పు వేసి, వేలు పెడితే వేడిగా తగిలినా కాలనంత వరకు కాచండి. మైదాలో కరిగిన నూనె పోసి వేళ్ళతో రాయండి. మొత్తం పిండి తడి ఇసుకలా అయ్యి, పిడికిట పడితే ముద్దగా నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఇక్కడ తొందరపడకండి, నాలుగైదు నిమిషాలు రాయండి. నూనె పట్టిన మైదా రేణువులకు నీళ్ళు తగిలినా జిగురు ఎక్కువగా సాగదు, గుల్లదనం అంతా ఇక్కడే తేలుతుంది. తర్వాత నిమ్మరసం, ముప్పావు వంతు నీళ్ళు పోసి కలపండి. మిగిలిన నీళ్ళు చెంచా చెంచాగా వేయాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో వానాకాలం మైదా ముందే తేమ పీల్చుకుని ఉంటుంది, అప్పుడు 140 మిల్లీలీటర్లకే ముద్ద అయిపోవచ్చు.

ముద్ద అయ్యాక రెండు నిమిషాలకు మించి పిసకొద్దు. చపాతీ పిండి పిసికినట్టు పిసికితే జిగురు లేచి, కాలిన తర్వాత పైపొర తోలులా సాగుతుంది. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా, పూరీ పిండి కంటే కాస్త మెత్తగా ఉండాలి. తడిగుడ్డ కప్పి గది వేడిలోనే 40 నిమిషాలు వదిలేయండి. ఈ పిండిని ఫ్రిజ్‌లో పెడితే కొబ్బరినూనె గడ్డకట్టి రాయిలా అవుతుంది, ఒత్తబోతే అంచులు పగులుతాయి. పొరపాటున పెట్టినా, తీసి అరగంట బయట ఉంచితే మళ్ళీ దారికొస్తుంది.

నానిన పిండిని 40 గ్రాముల చొప్పున ఉండలు చేసి, 12 సెంటీమీటర్ల వెడల్పున, రూపాయి బిళ్ళ కంటే కొంచెం మందంగా, అంటే 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఒత్తాలి. మధ్యలో మందం, అంచున పల్చన ఉండేలా ఒత్తితే మడత పెట్టినచోట రెండు పొరలు కలిసినా లావెక్కదు. ఒత్తుతుంటే పూరీ వెనక్కి ముడుచుకుపోతోందంటే పిండి ఇంకా నానలేదు. దాంతో కుస్తీ పట్టకుండా పదిహేను నిమిషాలు కప్పి పెట్టేయండి. పొడిపిండి చల్లడం వీలైనంత తగ్గించండి, అంచుకు పొడిపిండి అంటితే తర్వాత అతుక్కోదు.

మైదా పూర్తిగా వద్దనుకుంటే సగం వరకు గోధుమపిండి కలపొచ్చు, నీళ్ళు 20 మిల్లీలీటర్లు ఎక్కువ పడతాయి. చోడిపిండి (రాగిపిండి) 400లో 60 గ్రాముల వరకు బాగుంటుంది, కాల్చినప్పుడు మంచి కమ్మదనం వస్తుంది. అంతకంటే ఎక్కువైతే జిగురు చాలక మడత దగ్గర చీలుతుంది.

ఇంకా పొరలు పొరలుగా రావాలంటే మడత కాజాల విద్య వాడుకోండి. బియ్యప్పిండి 3 పెద్ద చెంచాలు, నూనె 3 పెద్ద చెంచాలు కలిపి మెత్తని ముద్దలా చేయాలి. పిండి మొత్తాన్ని నాలుగు ముద్దలుగా చేసి, ఒక్కొక్కదాన్ని పల్చగా పెద్ద చపాతీలా ఒత్తి, ఈ ముద్ద పూసి, చాపలా చుట్టి, నాలుగేసి ముక్కలు కోసి, కోసిన వైపు పైకి పెట్టి చిన్న పూరీలుగా ఒత్తుకోండి. కాల్చినప్పుడు చుట్లు చుట్లుగా విడిపోతాయి. శ్రమ ఎక్కువే, కానీ వెన్న లేకుండా ఇంత చక్కని పొరలు తెచ్చే దారి మన వంటింట్లోనే ఉంది. ఇలా చేసినప్పుడు పిండిలో కలిపే నూనె 100 నుంచి 60 గ్రాములకు తగ్గించాలి, లేకపోతే చుట్టేటప్పుడు చిరుగుతుంది.

లోపలి కూర: మీల్ మేకర్, ఉల్లిపాయ

చిలీలో పీనో అనే కూరకు ఇది దగ్గరగా ఉంటుంది. అందులో మాంసం ఎంతో ఉల్లిపాయ అంత, ఒక్కోసారి ఎక్కువే. చాలామంది పొరపాటు ఇక్కడే, మసాలాలు పెంచుతారు కానీ ఉల్లిపాయ తగ్గించేస్తారు.

మీల్ మేకర్ 100 గ్రాములు, ఉల్లిపాయలు 400 గ్రాములు, బంగాళాదుంప 150 గ్రాములు, నూనె 4 పెద్ద చెంచాలు, జీలకర్ర పొడి ఒకటిన్నర చెంచా, కాశ్మీరీ కారం 2 చెంచాలు, మామూలు కారం అర చెంచా, మిరియాల పొడి అర చెంచా, సోయా సాస్ ఒక చెంచా, వామాకులు 3, ఉల్లికాడలు ఒక చిన్న కట్ట, మైదా ఒక పెద్ద చెంచా, తగినంత ఉప్పు.

మీల్ మేకర్‌ను ఉప్పునీళ్ళలో 5 నిమిషాలు ఉడికించి, మరో పది నిమిషాలు అందులోనే ఉంచి, గట్టిగా పిండి, రెండుసార్లు చన్నీళ్ళలో కడిగి మళ్ళీ పిండాలి. సోయా పచ్చివాసన పోయేది ఈ కడగడంలోనే. మిక్సీలో ఒక్కో సెకను చొప్పున మూడు నాలుగు సార్లు తిప్పండి. పిండి అయిపోకూడదు, పలుకులుగా ఉండాలి. ఒక పెద్ద చెంచా నూనెలో 6, 7 నిమిషాలు, అక్కడక్కడా ఎర్రబడి పొడిపొడిగా అయ్యేదాకా వేయించి పక్కన పెట్టండి. తడిగా ఉండగానే కూరలో కలిపేస్తే స్పాంజి నమిలినట్టుంటుంది.

ఉల్లిపాయలను చిన్న ముక్కలుగా తరిగి, మిగిలిన నూనెలో ఉప్పు వేసి, సన్న సెగ మీద 15 నుంచి 18 నిమిషాలు మగ్గించండి. ఎర్రగా వేగాల్సిన పనిలేదు. గాజులా పారదర్శకంగా అయ్యి, గరిటెతో నొక్కితే చితికిపోవాలి. జీలకర్ర, మిరియాలు, మైదా వేసి ఒక నిమిషం కలిపాక స్టవ్ ఆపేసి అప్పుడు కాశ్మీరీ కారం వేయండి. మంట మీద వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, ఆ చేదును తర్వాత ఏదీ కప్పలేదు. బంగాళాదుంపను సెంటీమీటరు ముక్కలుగా కోసి, ముక్క విరిగే ముందు వరకే ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళు 100 మిల్లీలీటర్లు ఉల్లిపాయల్లో పోయండి. మీల్ మేకర్, సోయా సాస్, బంగాళాదుంప వేసి రెండు మూడు నిమిషాలు ఉడకనిస్తే దగ్గరపడుతుంది. దించాక సన్నగా తరిగిన ఉల్లికాడలు, వామాకు కలపండి.

వామాకు ఇక్కడ ఒరెగానో స్థానంలో వస్తోంది. రెండింటిలోనూ కార్వక్రాల్ అనే ఒకే సుగంధ పదార్థం ఉంటుంది. పిజ్జాతో వచ్చే ఒరెగానో పొట్లాలు ఇంట్లో ఉంటే రెండు మూడు వేసుకున్నా సరే. వామాకు మాత్రం మూడుకు మించితే కూరంతా కషాయం వాసన కొడుతుంది.

ఇప్పుడీ కూర చూడ్డానికి కాస్త జారుగా ఉంటుంది, అలాగే ఉండాలి. వెడల్పు పళ్ళెంలో పరిచి, చల్లారాక ఫ్రిజ్‌లో కనీసం 3 గంటలు పెట్టండి. మైదా, బంగాళాదుంపల గంజి గడ్డకట్టి, చెంచాతో తీస్తే ముద్దగా లేస్తుంది. కాలేటప్పుడు మళ్ళీ కరిగి రసం అవుతుంది. కొరికినప్పుడు లోపల తేమగా ఉండి, చుట్టేటప్పుడు మాత్రం కారకపోవడానికి ఇదొక్కటే మార్గం. ముందురోజు రాత్రే చేసి పెట్టుకుంటే రుచి కూడా కలిసిపోతుంది. వేడి కూరను పిండిలో పెడితే మాత్రం ఆవిరికి పూరీ లోపలి వైపు మెత్తబడి, చుట్టకముందే చిరుగుతుంది.

చిలీలో ఒక్కో ఎంపనాడాలో ఒక ఆలివ్ కాయ, నాలుగైదు కిస్మిస్ పెడతారు. ఆ ఉప్పదనం కోసం ఆలివ్ లేకపోతే ఉప్పులో ఊరిన ఉసిరికాయ చిన్న ముక్క పెట్టండి. గుడ్డు ముక్క బదులు ఏదో ఒకటి పెట్టాలన్న తాపత్రయం అక్కర్లేదు, ఆ మెత్తదనం బంగాళాదుంప ఇస్తుంది.

పనసపొట్టు

లేత పనసకాయలు వచ్చే రోజుల్లో ఇది తప్పక చేయాల్సిన రకం. పొట్టు కొట్టించేటప్పుడు కూరకు కొట్టే దానికంటే కొంచెం పెద్దగా కొట్టమనండి, పీచు నిలవాలి. ఇంట్లో కొట్టుకునేవాళ్ళు చేతులకు, కత్తికి నూనె రాసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

అరకిలో పొట్టును పసుపు, ఉప్పు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, వార్చి, చల్లారాక గుడ్డలో వేసి నీటిచుక్క రానంత వరకు పిండండి. పనసపొట్టు పైకి పొడిగా కనిపించినా లోపల నీళ్ళు దాచుకుంటుంది, ఓవెన్ వేడికి ఆ నీళ్ళన్నీ బయటికొచ్చి అడుగు నానిపోతుంది. 250 గ్రాముల ఉల్లిపాయలు పైన చెప్పినట్టే మగ్గించి, పొట్టు వేసి 8 నిమిషాలు వేయించి, జీలకర్ర, కాశ్మీరీ కారం, మిరియాలు, 4 వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా నిమ్మరసం కలపండి. 60 గ్రాముల జీడిపప్పులో సగం నానబెట్టి మెత్తగా రుబ్బి కలిపితే కూరను పట్టి ఉంచుతుంది, మిగతా సగం వేయించి పలుకులుగా వేయండి.

పనసపొట్టు అనగానే మనకు ఆవ పెట్టాలనిపిస్తుంది. లోపల పెట్టకండి. ఆవ ఘాటు వేడికి ఎగిరిపోతుంది, 200 డిగ్రీల ఓవెన్ నుంచి బయటికి వచ్చేసరికి చేదు మాత్రమే మిగులుతుంది. అంతగా కావాలంటే ఆవపిండి, నిమ్మరసం, ఉప్పు కలిపిన ముద్దను పక్కన నంజుకోండి. అమోఘంగా ఉంటుంది.

మొక్కజొన్న

అర్జెంటీనాలో ఉమీతా అనే ఈ కూరలో పాలు, చీజ్ వేస్తారు. ఆ చిక్కదనం మొత్తం జీడిపప్పుతో వస్తుంది. స్వీట్‌కార్న్ గింజలు 400 గ్రాములు తీసుకుని సగం కచ్చాపచ్చాగా రుబ్బండి. ఒక ఉల్లిపాయ, సగం క్యాప్సికమ్ వేయించి, గింజలు, రుబ్బినది వేసి 5 నిమిషాలు ఉడికించండి. 60 గ్రాముల నానిన జీడిపప్పును 150 మిల్లీలీటర్ల నీళ్ళతో రుబ్బి పోసి, గరిటెతో గీస్తే గీత నిలిచేదాకా కలుపుతూ ఉండాలి. ఉప్పు, మిరియాలు, చిటికెడు జాజికాయ పొడి. నాటు మొక్కజొన్న ముదిరితే పనికిరాదు, గోరు గుచ్చితే పాలు కారేంత లేతగా ఉంటే బ్రహ్మాండం.

చుట్టడం

పూరీ మధ్యలో రెండు పెద్ద చెంచాల కూర, అంటే దాదాపు 40 గ్రాములు. చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో నూనె గానీ కూర గానీ అంటితే అక్కడ అతుక్కోదు, అక్కడే నోరు విప్పుతుంది. తడివేలు సగం అంచు మీద మాత్రమే తిప్పండి. రెండువైపులా తడిపితే జారిపోతుంది.

మడిచాక ముందు కూర చుట్టూ అరచేతి అంచుతో నొక్కి గాలి బయటికి పంపండి, తర్వాత అంచు నొక్కండి. లోపల చిక్కిన గాలి వేడికి ఉబ్బి, బలహీనంగా ఉన్నచోట పొడుచుకుని వస్తుంది. ఎంపనాడాలు పగలడానికి కూర తడి ఎంత కారణమో ఈ గాలీ అంతే కారణం.

ఆ తర్వాత అంచు మెలిక. స్పానిష్‌లో దీన్ని రెపుల్గే అంటారు. ఒక మూలను సెంటీమీటరు మేర లోపలికి మడిచి బొటనవేలితో నొక్కండి. ఆ మడత పక్కనే ఏర్పడిన కొత్త మూలను పట్టుకుని, కొంచెం బయటికి లాగి, మళ్ళీ మొదటి మడత మీదికి సగం ఎక్కేలా మడిచి నొక్కండి. ఇలాగే చివరిదాకా. ఆఖరి మూలను కిందికి మడిచేయండి. లాగడం మరిచిపోతే మెలికలు లావుగా, పచ్చిగా మిగులుతాయి, పిండి అక్కడ పల్చబడాలి. అర్జెంటీనాలోని టుకుమాన్ ప్రాంతంలో 13 మెలికలు పెట్టడం ఆనవాయితీ. 12 సెంటీమీటర్ల పూరీకి మనకూ ఇంచుమించు అన్నే వస్తాయి. కజ్జికాయల అచ్చు వాడితే పని తొందరగా అవుతుంది కానీ, అచ్చు అంచు సన్నగా ఉంటుంది కాబట్టి తడి కూరను ఆపలేదు. అచ్చులో నొక్కాక మళ్ళీ చేత్తో ఒకసారి మెలిపెట్టండి.

అర్జెంటీనా దుకాణాల్లో ఒక్కో కూరకు ఒక్కో రకం మెలిక పెడతారు, కొరక్కుండానే లోపల ఏముందో తెలుస్తుంది. మూడు రకాలు చేస్తే మీరూ అలాగే చేయండి. ఒకదానికి మెలిక, ఒకదానికి ఫోర్కు గీతలు, ఒకదానికి రెండు కొనలూ కలిపి నొక్కిన గుండ్రటి చుట్ట.

చుట్టినవన్నీ పళ్ళెంలో పేర్చి 20 నుంచి 30 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. పిండి ముద్దగా ఉన్నప్పుడు ఫ్రిజ్ వద్దన్నది, ఇప్పుడు కావాలి. కొబ్బరినూనె గట్టిపడి మెలికలు కాలేటప్పుడు కూడా ఆకారం తప్పవు.

ఓవెన్‌లో

మీద పూతకు చిక్కటి జీడిపప్పు పాలు 3 పెద్ద చెంచాలు, నూనె ఒక చెంచా, పంచదార అర చెంచా, చిటికెడు పసుపు కలపండి. గుడ్డుసొన రంగు ఇచ్చేది అందులోని మాంసకృత్తుల వల్ల. జీడిపప్పు ఆ లోటు తీరుస్తుంది, పంచదార తోడై ఎర్రదనాన్ని తొందరపెడుతుంది. ఒట్టి నూనె రాస్తే మెరుస్తుంది కానీ ఎర్రబడదు.

ఓటీజీని (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 200 డిగ్రీల దగ్గర పైనా కిందా రెండు రాడ్లతో 15 నిమిషాలు వేడెక్కించండి. ట్రేను కూడా లోపలే ఉంచి వేడి చేసి, బటర్ పేపర్ మీద పేర్చిన ఎంపనాడాలను పేపరుతో సహా దాని మీదికి జార్చండి. వేడి ట్రే తగిలిన మరుక్షణం అడుగు గట్టిపడుతుంది, కూర తడి దిగే లోపు కాలిపోతుంది. చల్లని ట్రేలో పెట్టినవే అడుగు మెత్తబడి పేపరుకు అతుక్కునేవి. ఒక్కోదాని మీద టూత్‌పిక్‌తో ఒక చిన్న రంధ్రం చేయండి. మొదటి 12 నిమిషాలు కింది అరలో, తర్వాత బయటికి తీసి మరోసారి పూత రాసి, ట్రేను అటుదిటు తిప్పి మధ్య అరలో 10 నుంచి 14 నిమిషాలు. చిన్న ఓటీజీల్లో వెనకవైపు వేడి ఎక్కువ, తిప్పకపోతే సగం మాడతాయి. అడుగున తట్టి చూస్తే గుల్ల శబ్దం రావాలి. రంగు పైన చూసి దించేయకండి, ఒకదాన్ని ఎత్తి అడుగు చూడండి. వైర్ స్టాండ్ మీద పది నిమిషాలు ఆరాకే తినాలి, లోపలి కూర నోరు కాల్చేంత వేడిగా ఉంటుంది.

ఎయిర్ ఫ్రయర్ అయితే 180 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి.

ఓవెన్ లేకపోతే నూనెలో

వేయించేటప్పుడు పైపిండి మారాలి. 400 గ్రాముల మైదాకు నూనె 50 గ్రాములే, నీళ్ళు 190 మిల్లీలీటర్లు. 100 గ్రాముల కొవ్వున్న పిండిని మూకుడులో వేస్తే నురగ లేచి, పొరలు విడిపోయి, నూనె పీల్చేస్తుంది. గారెలు, బూరెలకు వాడే మూకుడే చాలు. నూనె 170 నుంచి 175 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. అది అడుగుకు వెళ్ళి, రెండు మూడు సెకన్లకు బుడగలతో తేలితే సరిపోయినట్టు. వేయగానే తేలిపోతే వేడి ఎక్కువ, పైన ఎర్రబడి మెలికల దగ్గర పచ్చిగా ఉంటుంది. ఒక వాయకు మూడు నాలుగే వేసి, చిల్లుల గరిటెతో పైన నూనె చిలకరిస్తూ 4, 5 నిమిషాలు వేయించండి. వీటికి మీద పూత అక్కర్లేదు, రంధ్రమూ చేయకూడదు. కూర రసం నూనెలో పడితే ఎగిరి చిమ్ముతుంది.

కొలంబియా తరహాలో మొక్కజొన్న పిండితో చేయాలంటే ఒక జాగ్రత్త. వాళ్ళు వాడేది ముందే ఉడికించి ఆరబెట్టి పట్టిన పిండి. మన పిండి మరలో పట్టించిన మొక్కజొన్న పిండికి నీళ్ళు కలిపితే ముద్ద నిలవదు. కిరాణా కొట్లో కార్న్‌ఫ్లోర్ అని ఇచ్చే తెల్లటి పొడి అసలే కాదు, అది ఒట్టి గంజిపొడి. మెత్తగా పట్టించిన పసుపు పిండి 200 గ్రాములను మరిగే 300 మిల్లీలీటర్ల ఉప్పునీళ్ళలో పోసి, సంకటి కెలికినట్టు మూడు నిమిషాలు కెలికి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి, గోరువెచ్చగా ఉండగానే 60 గ్రాముల మైదా కలిపి పిసకాలి. నూనె రాసిన రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య, లేదా అరిటాకు మీద, 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆకుతో సహా మడిచి అంచు నొక్కండి. మెలికలు పెట్టే పిండి కాదిది, పెడితే విరుగుతుంది.

నంజుకోడానికి

అర్జెంటీనాలో నంజుకునే పచ్చి ఆకుల చట్నీ చిమిచుర్రి ఎలాగూ వీగనే. కొత్తిమీర 50 గ్రాములు, వెల్లుల్లి 4 రెబ్బలు, వామాకులు 2 కత్తితో సన్నగా తరిగి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిర్చి ఒక చెంచా, వెనిగర్ 2 పెద్ద చెంచాలు, నూనె 5 పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా కలిపి అరగంట ఊరనివ్వండి. అక్కడ పార్స్‌లీ ఆకు వాడతారు, మనకు కొత్తిమీరే అందుబాటు. మిక్సీలో మాత్రం వేయొద్దు, పచ్చడి అయిపోతుంది.

నిల్వ

కాల్చకముందే దాచుకోవడం మేలు. పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా డీప్ ఫ్రీజర్‌లో రెండు మూడు గంటలు గడ్డకట్టించి, తర్వాత కవర్లో వేసి గాలి తీసి కట్టేస్తే నెల రోజులు ఉంటాయి. తీసి కరగనివ్వకుండానే పూత రాసి 190 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు కాల్చండి. కరిగితే పిండి చెమ్మగిల్లి ట్రేకు అంటుకుంటుంది. గడ్డకట్టినవాటిని నూనెలో వేయొద్దు, చిమ్ముతుంది. వేయించాలనుకుంటే ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచి, పైతేమ గుడ్డతో అద్ది వేయించండి.

కాల్చినవి ఎండాకాలం బయట పెడితే గంటకు మించి ఉంచొద్దు. మగ్గిన ఉల్లిపాయ, బంగాళాదుంప ఉక్కకు తొందరగా పులుస్తాయి. ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతాయి. మళ్ళీ వేడి చేయడానికి మైక్రోవేవ్ వాడితే పైపొర మెత్తబడిపోతుంది. మందపాటి పెనం మీద మూతపెట్టి, సన్న సెగన ఒక్కో వైపు నాలుగు నిమిషాలు ఉంచి, ఆఖరి నిమిషం మూత తీసేస్తే గుల్లదనం తిరిగొస్తుంది.